మా ఇంట్లో రెండు జతల శుక్లాలు

మా కుక్కకు కళ్లు కనపడటం లేదని మొదట కనిపెట్టింది మా అవ్వ. అప్పటికి మా అవ్వకూ కళ్లు కనపడవు. మంచి చూపున్న మేం ముగ్గురం, అంటే నాయన, అమ్మ, నేను, పొద్దున లేచింది మొదలు ఆ కుక్కను దాటుకుంటూ తిరుగుతూ కూడా ఆ సంగతి గమనించలేకపోయాం.

హిందూపురంలో మాది పొడుగాటి ఇల్లు. ముందు పరుపుల అంగడి, మధ్యలో మేము, వెనక దూది కొట్టం. అంగడి నుంచి పెరటి దాకా ఒకటే గోడ. ఆ రోజు అవ్వ ఆ గోడ పట్టుకుని ముందు నుంచి వెనక్కి పోతోంది. కుక్క అదే గోడను ఒరుసుకుంటూ వెనక నుంచి ముందుకు వస్తోంది. ఇద్దరూ నడుమింట్లో గుద్దుకున్నారు. అవ్వకు దెబ్బ తగల్లేదు కానీ కింద కూర్చుండిపోయింది. మేం పరిగెత్తుకుంటూ పోయేసరికి, కుక్క మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని తడుముతోంది.

"దీనికి పొర వచ్చినాదిరా," అంది నాయనతో. "గోడ నడక నడస్తాండాది. నాకు తెలీదా ఆ నడక."

నాయన కుక్కను వాకిట్లోకి, వెలుతురులోకి ఎత్తుకుపోయి చూశాడు. నల్లగుడ్డు ఉండాల్సిన చోట ఉడికిన సగ్గుబియ్యం గింజలాంటి తెలుపు. రెండు కళ్లల్లోనూ అంతే. అది పుట్టుకతోనే తెల్లకుక్క కాబట్టి, కళ్లూ తెల్లబడితే మా ఎవరికీ తేడా తెలియలేదని నాయన తర్వాత సర్దిచెప్పుకున్నాడు.

అసలు అది కుక్క అన్న సంగతి కూడా మాకు కొంచెం ఆలస్యంగానే తెలిసింది. మేం దూదేకులవాళ్లం. నాయన బూరుగుదూది కోసం గాండ్లపెంట పక్క పల్లెలన్నీ తిరిగి, మూటలు లారీలో వేయించుకుని వచ్చేవాడు. డెబ్బైల్లో ఒక ఎండాకాలం, కొట్టంలో మూట విప్పుతుంటే అందులోంచి కాస్త దూది తనంతట తానే లేచి నిలబడి ఒళ్లు విదిలించుకుంది. చూస్తే కుక్కపిల్ల. ఏ పల్లెలో మూటలోకి దూరిందో ఎవరికీ తెలియదు. తిరిగి ఇచ్చొద్దామన్నా ఎవరికి ఇస్తాం?

అవ్వ ఒప్పుకోలేదు. ఆమె ఐదు పూటలూ నమాజు తప్పని మనిషి. "కుక్క ఉండే ఇంటికి దేవదూతలు రారు," అంది.

"వాళ్లు వచ్చేదే మనల్ని తీసుకపోయేకి కదమ్మా. రాకుంటే రాకపోనీలే," అన్నాడు నాయన.

ఈ మాటకు అవ్వ చాలా రోజులు కొడుకుతో మాట్లాడలేదు. కానీ లోలోపల ఆలోచించినట్టే ఉంది, ఎందుకంటే అంగడి గడప దాటి లోపలికి రాకూడదన్న షరతు మీద కుక్క ఉండటానికి ఒప్పుకుంది. ఆ షరతు ఒక వానాకాలం కూడా నిలవలేదు. పేరు మాత్రం పెట్టనివ్వలేదు. పేరు పెడితే ఇంట్లో మనిషయిపోతుందట. అందుకని అందరం దాన్ని "దా" అనే పిలిచేవాళ్లం. పొమ్మని చెప్పాలన్నా ముందు "దా" అని పిలిచి, అది వచ్చాక పొమ్మనాల్సి వచ్చేది. ముట్టుకున్న ప్రతిసారీ అవ్వ చేతులు కడుక్కునేది. కడుక్కున్న చేతులతో మళ్లీ ముట్టుకునేది. మా ఇంట్లో నీళ్లు ఎక్కువ ఖర్చయ్యేది అందుకేనని అమ్మ అంటుండేది.

ఇక అవ్వ కళ్ల సంగతి. ఆమెకు శుక్లాలు ముదిరి ఏళ్లయింది. ఊళ్లో ఏటా బళ్లో కంటి ఆపరేషన్ల క్యాంపు పెట్టేవాళ్లు. జట్కాకు మైకు కట్టుకుని ఆ మాట చెప్పుకుంటూ వీధిలోకి వస్తే చాలు, అవ్వకు పెనుకొండ దర్గాలో తీర్చాల్సిన మొక్కు గుర్తుకొచ్చేది. నేను పెనుకొండలో ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టును. రోజూ హిందూపురం నుంచి పోయి వచ్చేదాన్ని. కాబట్టి ఆమెను తీసుకుపోయే పని నాదే. క్యాంపు వాళ్లు చాపలు చుట్టుకుని పోయేదాకా అక్కడ తెలిసినవాళ్లింట్లో ఉండి, తర్వాత ఎంతో భక్తిగా తిరిగి వచ్చేది. అన్ని మొక్కులు తీర్చిన మనిషి పెనుకొండలో ఇంకొకరు ఉండరు.

ఆమె భయానికి కారణం ధర్మవరంలో ఉండే ఆమె తమ్ముడు, మా చిన్నతాత. ఆయన మగ్గం నేసేవాడు. అక్కడి క్యాంపులో ఒక కంటికి ఆపరేషన్ చేయించుకుని, దాని గురించి ఎవరు అడిగినా అడగకపోయినా ఇలా చెప్పేవాడు: "గుడ్డు పీకుతారు. పళ్లెంలో పెడతారు. మందునీళ్లతో కడిగి మళ్లా పెడతారు. నాది పెట్టేటప్పుడు తలకిందులు పెట్టినట్టుండారు." ఆ కాలంలో ఆపరేషన్ తర్వాత సోడాబుడ్డి అడుగులంత మందం కళ్లద్దాలు ఇచ్చేవాళ్లు. అవి పెట్టుకుంటే ప్రతిదీ పెద్దగా కనిపించేది. అన్నంలో మెతుకు చిక్కుడుగింజంత ఉందని ఆయన పళ్లెం ముందు కూర్చుని భయపడటం నేను కళ్లారా చూశాను. అవ్వ మాత్రం విన్నది. అంతే చాలు.

కుక్కకు పొర వచ్చినా మేం మొదట పెద్దగా పట్టించుకోలేదు. ముక్కుతో, చెవులతో అది బాగానే నెట్టుకొచ్చింది. తిండి వాసన దానికి తెలుసు, మా అడుగుల చప్పుడు తెలుసు. తెలియనిదల్లా నిన్న లేకుండా ఇవాళ కొత్తగా వచ్చిన వస్తువు. అంగడన్నాక రోజూ కొత్త వస్తువే.

గుడిబండ నుంచి పెళ్లివాళ్లు వచ్చి ఒక జత పరుపులు కుట్టించారు. పూల సాటిన్ గుడ్డ, మంచి బూరుగుదూది. వాటిని తీసుకుపోవడానికి పెళ్లికొడుకు మేనమామ బంధువులతో వచ్చాడు. నాయన పరుపులు చుట్టి, తాడు కట్టి, అంగడి వాకిట్లో నిలబెట్టాడు. కుక్క బయటి నుంచి వచ్చింది. దానికి దారిలో నున్నగా, గుండ్రంగా, నిలువుగా ఏదో తగిలింది. కొత్తగా కరెంటు స్తంభం నాటారని అనుకున్నట్టుంది. నిదానంగా కాలెత్తింది.

అందరం చూస్తున్నాం. అరిచే లోపలే పని పూర్తయింది.

మేనమామ చాలా మర్యాదస్థుడు. కాసేపు ఆగి అడిగాడు: "ఏమప్పా, మీ అంగట్లో సరుకు మీద ఇట్లే ముద్ర వేస్తారా?"

నాయన ఆ పరుపును మళ్లీ విప్పి, కొత్త గుడ్డ వేసి, కొత్త దూదితో కుట్టి, సాయంత్రానికి పంపించాడు. ఆ రాత్రి అన్నం తిని చేయి కడుక్కున్నాక అన్నాడు: "దీని కండ్ల సంగతి చూడాల."

పెనుకొండలో పశువుల ఆసుపత్రి ఉంది. కుక్కను అక్కడికి తీసుకుపోదామని నాయన, నేను బస్టాండుకు పోయాం. కండక్టరు కుక్కను ఎక్కించుకోనన్నాడు.

"కండ్లు లేని జీవి కదప్పా," అన్నాడు నాయన.

"కండ్లు లేవు సరే. పండ్లుండాయి కదా," అన్నాడు కండక్టరు.

చివరికి నాయనకు తెలిసినవాళ్ల వేరుశెనక్కాయల లారీలో పోయాం. డ్రైవరు పక్కన నేను, నా ఒళ్లో కుక్క, మూటల మీద నాయన. దారి పొడుగునా కుక్క కిటికీలోంచి ముక్కు బయటపెట్టి గాలి పీల్చుకుంటూ, నాకంటే ఎక్కువ ఆనందించింది. ఆసుపత్రి పని అయ్యాక ఆఫీసుకు ఆ అవతారంలోనే పోయాను. తర్వాత చాలా రోజులు మా సూపరింటెండెంటు నేను పక్కకు వస్తే ముక్కు ఎగబీల్చేవాడు.

డాక్టరు కృష్ణా జిల్లా నుంచి కొత్తగా వచ్చిన కుర్రాయన. టార్చిలైటు వేసి కళ్లు చూశాడు. "శుక్లాలండి. మనుషులకు వచ్చేవే."

"మందేమన్నా ఉండాదా సార్?"

"మందు లేదండి. కోసి తీయాలి. నేనిక్కడ గొర్రెలకు సూదులేసుకుంటూ, ఈనలేని గేదెలకు పురుడు పోసుకుంటూ బతుకుతున్నాను. కంటి జోలికి పోయే ధైర్యం నాకు లేదు. బెంగుళూరు పెద్దాసుపత్రిలో చేస్తారు. కానీ చేయించాలా వద్దా అని బాగా ఆలోచించుకోండి. దీని వయసు తక్కువేం కాదు."

నాయన చిన్నతాతను తలుచుకుని మొహమాటంగా అడిగాడు: "తర్వాత దీనికి అద్దాలు పెట్టల్నా సార్?"

డాక్టరు ఎంతో నిగ్రహంతో నవ్వు ఆపుకున్నాడు. "అక్కర్లేదండి. ఎదురుగా ఏదో ఉందని తెలిస్తే దానికి చాలు. పేపరు చదవదు కదా."

మేం తిరిగి వచ్చేసరికి ఈ వార్త మా కంటే ముందే ఊరు చేరింది. హిందూపురంలో పెద్ద విషయాలు నిదానంగా పాకుతాయి, చిన్నవి బస్సెక్కి పోతాయి. పిండిమిషను ఆయన అంగడి ముందు ఆగి, సైకిలు దిగకుండానే నాయనను అడిగాడు: "ఏమబ్బా, కన్నతల్లి గోడ పట్టుకుని నడస్తాంటే, నువ్వు కుక్కకు బెంగుళూరులో ఆపరేషన్ చేయిస్తాండావంట?"

నాయన కుడుతున్న సూదిని వేలికి గుచ్చుకున్నాడు. ఆ మాటలో అబద్ధం ఏమీ లేదు, అదే ఆయనకు బాధ. ఆమె పరిగెత్తి పారిపోతుందనీ, కుక్క పారిపోదనీ అంగడికి వచ్చిన ప్రతివాడికీ ఎలా చెప్తాడు?

శుక్రవారం నాడు ఇంట్లో పంచాయితీ పెట్టారు. కుక్కకు కళ్లు చేయిస్తున్నారని విని చిన్నతాత ధర్మవరం నుంచి ప్యాసింజరులో ప్రత్యేకంగా వచ్చాడు. పెళ్లికో చావుకో తప్ప ఆయన మా ఇంటికి రావడం అదే మొదటిసారి. కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకుని, కుక్కను చూసి, ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఇది కుక్కనా? దూడ అనుకుంటి," అన్నాడు.

అమ్మ ముందే తన మాట చెప్పేసింది: "మీరంతా బెంగుళూరుకు పోతారు, వస్తారు. ఆ తర్వాత కంట్లో సుక్కలు వేసేది ఎవరు? నేనే కదా. అది గీరుకోకుండా పట్టుకునేది ఎవరు? నేనే. దానికి కండ్లొస్తాయో లేదో గానీ నా కండ్లు పోతాయి."

"అయితే వద్దంటావా?" అన్నాడు నాయన.

"వద్దనలే. ఎవరు ఏం చేస్తారో ముందే చెప్పుకోండి అంటాండా."

చిన్నతాత తన అనుభవం మొత్తం, పళ్లెంతో సహా, మళ్లీ చెప్పాడు. అవ్వ గోడకు ఆనుకుని, కుక్క వీపు మీద చేయి వేసుకుని అంతా విన్నది. నాయన ఉన్నట్టుండి ఆమె వైపు తిరిగాడు.

"అమ్మా, ఊరంతా నా మొహాన ఉమ్మేస్తాండారు. ముందు నువ్వు చేయించుకో. తర్వాతే కుక్క సంగతి."

"ముందు దానికి చేయించు," అంది అవ్వ వెంటనే. "దానికి బాగైతే నేనూ పోతా."

"కుక్కతో పోటీనా అత్తా?" అంది అమ్మ.

"పోటీ కాదే. పరుపు కుట్టేవాడు ముందు తలకింది మెత్త కుట్టి చూపించడా? అట్ల."

నాయన చిన్నతాతను సాక్షిగా పెట్టి ఆ మాట మళ్లీ ఒకసారి అనిపించాడు. అవ్వ లెక్క నాకు తర్వాత అర్థమైంది. కుక్కకు ఎవరూ ఆపరేషన్ చేయరు, చేసినా బాగవదు, ఎటుచూసినా తనకు గండం తప్పినట్టే. అలాంటి ధీమాతోనే బెంగుళూరుకు తానూ వస్తానంది. మడకశిర పక్క పుట్టిన మనిషి కాబట్టి ఆమెకు కన్నడం బాగా వచ్చు. డాక్టర్లు కన్నడంలో నాయనను మోసం చేయకుండా చూసుకుంటానంది.

రైల్లో కుక్కను గార్డు పెట్టెలో ఉన్న బోనులో పెట్టారు. బండి ఆగిన ప్రతి స్టేషనులో నాయన దిగి, పరిగెత్తుకుంటూ పోయి, "దా" అని పలకరించి వచ్చేవాడు. అది రాలేదు కాబట్టి మొరిగేది. ఆ మొరుగు వినపడగానే అవ్వ, "బతికే ఉండాది" అని తమలపాకు నమలడం మొదలుపెట్టేది.

ఆసుపత్రిలో మా ముందు ఒక ఆవు, ఒక పోలీసు గుర్రం, పంజరంలో ఒక చిలుక ఉన్నాయి. పెద్ద డాక్టరు నడివయసు ఆడమనిషి. మొదట గది చీకటి చేయించి కుక్క కళ్లల్లోకి లైటు వేసి చూసింది. తర్వాత కిటికీలు తెరిపించి, డబ్బాలోంచి కొంచెం దూది తీసుకుని ఉండ చేసింది. నాయన ఆ దూదిని చూసి, ఇక్కడ కూడా మిల్లు దూదేనా అన్నట్టు పెదవి విరిచాడు.

డాక్టరమ్మ ఆ ఉండను కుక్క మొహం ముందు నుంచి కిందికి వదిలింది. దూది చప్పుడు చేయదు. చూపుంటే కుక్క తల తిప్పుతుంది. మా కుక్క తల తిప్పలేదు. ఇంకొకటి వదిలింది. దానికీ తిప్పలేదు.

"ఏం చేస్తాండారు?" అని అవ్వ నన్ను అడిగింది. చెప్పాను. ఆమె కొంచెం ముందుకు జరిగి, కన్నడంలో డాక్టరమ్మతో, "నా ముందర కూడా ఒకటి వెయ్యి తల్లీ," అంది.

డాక్టరమ్మ నవ్వి, "ఏనజ్జీ," అని కన్నడంలో అవ్వను పలకరిస్తూనే ఒక ఉండ తీసి అవ్వ మొహం ముందు నుంచి వదిలింది. అది అవ్వ ఒళ్లో పడింది. అవ్వ కదలకుండా, మొహం ఎత్తి, ఎదురు చూస్తూ కూర్చుంది.

"ఎప్పుడేస్తావమ్మా?" అంది.

నాయన అటు తిరిగి చిలుకను చూడసాగాడు. డాక్టరమ్మ అవ్వ చేతిని తీసి ఒళ్లో ఉన్న దూది మీద పెట్టింది. అవ్వ దాన్ని రెండు వేళ్లతో నలిపి చూసింది. పుట్టినప్పటి నుంచీ దూదిలో బతికిన మనిషి.

"ఓహో," అంది. అంతే.

డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. లైటు వేస్తే కుక్క కంటిపాప ముడుచుకుంటోంది, అది మంచి గుర్తే. ఆపరేషన్ చేయవచ్చు. కొంత చూపు రావచ్చు, రాకపోవచ్చు, రెండింటికీ సమానంగానే అవకాశం ఉంది. వయసు మీద పడింది కాబట్టి మత్తు మందు తట్టుకుంటుందో లేదో చెప్పలేం. తట్టుకుంటే ఆ తర్వాత వారాల తరబడి మెడకు అట్ట కట్టాలి, గీరుకోనివ్వకూడదు, పొద్దుటి నుంచి పడుకునేదాకా చుక్కలు వేస్తూనే ఉండాలి, పరుగులూ గెంతులూ ఉండకూడదు, మధ్య మధ్య బెంగుళూరు తీసుకురావాలి.

నాయన అడిగాడు: "మీ కుక్కయితే మీరేం చేస్తారమ్మా?"

"పిల్లకుక్కయితే చేస్తాను. దీనికైతే, నిజం చెప్పాలంటే, రెండు రకాలుగానూ అనిపిస్తోంది. ఇంట్లో అది తిండి, నీళ్లు వెతుక్కుంటోంది కదా. మీరు బయట కూర్చుని మాట్లాడుకుని రండి," అంది.

మేం మెట్ల మీద కూర్చున్నాం. ఇంత దూరం వచ్చి ఇప్పుడు తేల్చుకోమంటే నాయనకు ఏం చేయాలో తోచలేదు. చేయిద్దామన్నాడు. మళ్లీ, మత్తులోనే పోతే ఎట్లా అన్నాడు. పరుపు మీద కాలెత్తిన కుక్క కోసం ఇంత ఆలోచించాలా అని తనను తానే తిట్టుకున్నాడు. నన్ను అడిగాడు. చేయిద్దామనే అన్నాను. చదువుకున్నదాన్ని కాబట్టి ఆపరేషన్ వద్దనడం మోటుగా ఉంటుందనిపించింది. కుక్క ఎండలో కాళ్లు చాపుకుని పడుకుని, ఆవు వాసనను ఆస్వాదిస్తోంది.

అప్పుడు అవ్వ అంది: "వద్దులేరా."

"నువ్వే కదమ్మా ముందు దానికి చేయించమంటివి."

"అంటి. ఇప్పుడు వద్దంటాండా." అవ్వ చేయి చాపి కుక్క చెవి కోసం వెతికి, దొరికాక పట్టుకుంది. "కంట్లో కత్తి ఎందుకు పెడతాండారో దీనికి చెప్పేకి కాదు. మెడకు అట్ట ఏంటికి కట్టినారో చెప్పేకి కాదు. మనల్ని నమ్ముకుని వచ్చి, మనమే పట్టిచ్చినామనుకుంటాది. దానికి గోడ ఉండాది, మనమున్నాం. చాలు."

నాయన లేచి, "సరే," అన్నాడు. లోపలికి పోయి డాక్టరమ్మకు చెప్పాడు. ఆమె బాధపడలేదు, సంతోషించనూ లేదు. కంటి మంటకు ఒక మందు రాసిచ్చి, ఇంట్లో సామాన్లు అటూ ఇటూ మార్చకండి అని చెప్పి పంపింది.

తిరుగు రైల్లో నాయన మా దగ్గరికి రాలేదు, గార్డు పెట్టె పక్కన ఉన్న డబ్బాలోనే కూర్చున్నాడు. అవ్వ తమలపాకు కూడా నమలలేదు. ఊరు దగ్గరపడుతుండగా నా మోచేయి పట్టుకుని, ఏదో దొంగతనం గురించి అడిగినట్టు గొంతు తగ్గించి అడిగింది: "ఆ క్యాంపు ఎప్పుడంట?"

"నీ షరతు కుక్కకు బాగైతే కదవ్వా."

"నాకు చెప్తే అర్థమవుతాది కదే," అంది విసుగ్గా. "నేనేమన్నా కుక్కనా?"

తర్వాతి క్యాంపులో జట్కా మైకు మా వీధిలోకి వచ్చినప్పుడు నాయన వీధి చివర కాపలా నిలబడ్డాడు, ఎందుకైనా మంచిదని. అవసరం రాలేదు. అవ్వ ఉతికిన చీర కట్టుకుని అరుగు మీద సిద్ధంగా ఉంది. మొక్కు సంగతి ఎత్తలేదు.

బళ్లో గదుల నిండా చాపల మీద ముసలివాళ్లు వరసగా పడుకుని ఉన్నారు. తల కదలకుండా అటొకటి ఇటొకటి ఇసుక సంచులు. ఒక్కొక్కరికి ఒక కంటికి కట్టు. అక్షరాలు రాని అవ్వలంతా ఎక్కాల బోర్డు కింద పడుకుని మూలుగుతున్నారు. ఆపరేషన్ అయిపోయాక మా అవ్వ పక్కావిడను మొదట అడిగిన ప్రశ్న, "నీది పళ్లెంలో పెట్టినారా?" ఆమెది పెట్టలేదట. నాదీ పెట్టలేదు అని అవ్వ చెప్పింది. ఇద్దరూ కలిసి మా చిన్నతాతను తిట్టారు. ఆ పక్కావిడ ఆయనను జన్మలో చూడలేదు, అయినా మనస్ఫూర్తిగా తిట్టింది.

గాయం మానాక అద్దాలు ఇచ్చారు. నాయన వాటిని తెచ్చి, తానే అవ్వ చెవులకు తగిలించాడు. మేమంతా చుట్టూ నిలబడ్డాం. ఆమె మెల్లగా తల తిప్పి ఒక్కొక్కరినీ చూసింది. నాయన దగ్గర ఆగింది.

"ఏమిరా," అంది చివరికి, "ఇంత ముసిలోడివైనావు, నాకొక మాట చెప్పలేదేమి?"

నాయన తల మీద చేయి పెట్టుకుని నవ్వాడు కానీ ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి కూడా ఆమెకు కనిపించాయి, అది ఇంకో ఇబ్బంది. తర్వాత కుక్కను చూపించమంది. "దా" అంటే అది గోడ వెంబడి వచ్చింది. అవ్వ దాన్ని తల నుంచి తోక దాకా పరీక్షగా చూసింది.

"ఇంత మురికి కుక్కనా నేను ఒళ్లో పెట్టుకుంటాండేది," అని వెంటనే పోయి చేతులు కడుక్కుంది.

ఆ రోజుతో మా ఇంట్లో శాంతి పోయింది. మూలల్లో బూజులు, అమ్మ బియ్యంలో ఏరకుండా వదిలేసిన రాళ్లు, నాయన కుట్లలో వంకరలు, నా మొహం మీద మొటిమలు, అన్నీ ఒకటికి ఒకటింబావుగా ఆమెకు కనిపించసాగాయి. అత్తకు చూపు రావాలని అందరికంటే ఎక్కువ కోరుకున్న అమ్మ, ఒకరోజు పొయ్యి ముందు కూర్చుని, "కుక్కకు చేయించుంటే సరిపోతాండె," అంది నాతో.

కుక్క విషయంలో డాక్టరమ్మ చెప్పినట్టే చేశాం. కొట్టంలో మూటలకు ఒకటే చోటు, మంచానికి ఒకటే చోటు. కుట్టిన పరుపులు మాత్రం అప్పటి నుంచి అటక మీదే పెట్టేవాళ్లం. అవ్వ దాని మెడకు పరుపుగుడ్డ పీలిక కట్టి, పొద్దున్నే వీధి చివరిదాకా తీసుకుపోయేది. కొత్త అద్దాల్లో మురుగునీళ్ల మోరీ ఎంత దూరంలో ఉందో ఆమెకు సరిగ్గా అంతుబట్టేది కాదు. దాటబోయి ఆగేది. కుక్క వాసన చూసి దాటేది. ఆమె దాని వెనకే దాటేది. పిండిమిషను ఆయన దీన్ని చూసి కూడా ఏదో అనే ఉంటాడు. నాయన పట్టించుకోవడం మానేశాడు.

తర్వాత కొన్నేళ్లకు అది ఒక మధ్యాహ్నం దూది కొట్టంలో, ఏకిన దూది కుప్ప మీద పడుకుని, లేవలేదు. నాయన పెరట్లో గుంట తవ్వాడు. అవ్వ అద్దాలు తీసి చీరచెంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మట్టి పూడ్చేదాకా నిలబడే ఉంది. ఆ రోజు ఆమె నమాజు ఆలస్యమైంది.

ఆ ఏడాది క్యాంపు డాక్టరు అవ్వ రెండో కన్ను చూసి, దీనికి కూడా చేసేద్దాం, భయమేం లేదు అన్నాడు. నాయన సంతోషంగా తలూపాడు.

"ఒకటి చాలులే సార్," అంది అవ్వ లేచి కొంగు సర్దుకుంటూ. "రెండు కండ్లతో చూసేంత ఏముండాది మా ఇంట్లో?"

డాక్టరు నాయన వైపు చూశాడు. నాయన అవ్వ చెప్పులు ముందుకు జరిపాడు. తల్లీకొడుకులు ఇద్దరూ బయటికి వచ్చి, దారిలో బెల్లం జిలేబీలు కొనుక్కుని తింటూ ఇంటికి నడిచి వచ్చారు. ఆ మరుసటి పొద్దునే, క్యాంపు వాళ్లు ఇంకా బళ్లో ఉండగానే, అవ్వ పెనుకొండ దర్గాకు పోవాలంది. ఈసారి నేను ఎందుకని అడగలేదు, ఆఫీసుకు పోతూ నాతో తీసుకుపోయాను.